పని పడవలు, పనికిమాలిన కట్లు

యమునానదికి తూర్పుగట్టున, మయూర్ విహార్‌లో కాపురముండు మన తెలుగువారికి ఒక విచిత్రమైన సౌకర్యము కలదు: నది ఇంటికి నడక దూరముననే ఉన్నను, మెట్రో రైలు వంతెన దాటునప్పుడు కిటికీలోనుండి తప్ప దాని ముఖము చూడవలసిన అవసరము వారికి సంవత్సరమున కొకమారైనను కలుగదు. నాకు మాత్రము ఆ సౌకర్యము చేజారినది. ఉద్యోగవిరమణానంతరము వైద్యుని ఆజ్ఞ ననుసరించి ప్రాతఃకాలమున నడక మొదలిడి, నోయిడా లింకురోడ్డు దాటి, దాని వెంబడి బారులుతీరిన నర్సరీలలోని మందార మొక్కలను బేరమాడక చూచుచు, ఖాదరులోనికి, అనగా నది వరదమైదానములోనికి, దిగి, ముల్లంగి మళ్ల గట్లమీదుగా నీటియొడ్డుదాక పోవు అలవాటు చేసికొన్నవాడనగుటచే, నదిని, నదిమీది పడవలను, అందునను నదిని బాగుచేయుటకై సర్కారువారు దింపిన పనిపడవలను, అవి ఒడ్డున కట్టబడు తీరును చూచుట నా దినచర్యలో భాగమైపోయినది. ఆ పడవలు చేయు పనినిగూర్చి నాకు ఫిర్యాదు లేదు. పని ముగిసిన పిమ్మట వానిని కట్టు విధానమునుగూర్చియే నా గోడు.

2025 ఫిబ్రవరిలో ఢిల్లీ యమునలో చెత్తనేరు యంత్రములును, గుర్రపుడెక్కను కోయు యంత్రనౌకలును, పూడికతీయు పడవయు పనిలోనికి దిగిన సంగతి పత్రికలు చదువువారికి ఎరుకయే. గుర్రపుడెక్కను కోయు నౌక చూడదగిన వస్తువు. దానికి ఇరుప్రక్కల తెడ్డుచక్రములుండును. ముందుభాగమున ఒక జల్లెడపట్టీ నీటిలోనికి వాలి, నీటి అడుగున కలుపును కత్తిరించి, తడితడిగా పైకెక్కించి, నడిమి తొట్టిలో పోయును. తొట్టి నిండిన పిమ్మట వెనుకపట్టీ ఆ రాశినంతను ఒడ్డున దింపును. ఓఖ్లా బ్యారేజీ గేట్లచే నిలువరింపబడి నది చెరువై పడియుండుటచేతను, వజీరాబాదునుండి ఓఖ్లావరకు ఉన్న 22 కిలోమీటర్లలో నగరపు మురుగు కాలువలన్నియు దానికి ఎరువు పోయుటచేతను, ఇచ్చట గుర్రపుడెక్క పెరుగు వేగము చూచినచో దానిని కోయువానియందు ఎవ్వరికైనను జాలియు గౌరవమును ఒక్కసారే కలుగును. ఉదయము తొలగించిన మేర సాయంత్రమునకు మరల పచ్చబడుచున్నదేమోనని నాకు సందేహము. నేను చెప్పబోవు పడవ ఇట్టివానిలో ఒకటి. అది ఏ శాఖవారిదో, ఏ కాంట్రాక్టరుదో చెప్పను. దానిమీద ఏ పేరును వ్రాసి లేదు గనుక చెప్పుటకు వీలును లేదు.

ఆ పడవ ఒడ్డునకు వచ్చుట అత్తవారింటికి క్రొత్త అల్లుడు వచ్చుటవలె ఉండును: ఎక్కడ కూర్చుండవలెనో అడుగదు, ఉన్నంతలో మంచిచోటు తనదేయని నమ్మును, ఒకమారు చతికిలబడిన పిమ్మట లేపుట ఎవరి తరమును కాదు. ఖాదరు రైతుల నాటుపడవ ఆగుటకు మా వైపున అనువైన రేవు ఒక్కటే కలదు. అక్కడ గట్టు వాలుగా ఉండును, బురద తక్కువ, కూరగాయల గంపలు దింపుకొనుటకు చదునైన జాగా. మిగిలిన ఒడ్డంతయు యథేచ్ఛగా పడియుండగా, పనిపడవ సరిగా ఆ రేవులోనికే వచ్చి, తన ఇనుప అణియమును, అనగా ముక్కును, గట్టులో గుచ్చి, అమరమును, అనగా తోకను, నదిలోనికి వదలి, అడ్డముగా నిలుచును. రైతు తన నాటుపడవను మోకాటిలోతు బురదలో ఆపి, గంపను నెత్తికెత్తుకొని, పనిపడవ చుట్టును ప్రదక్షిణము చేసి ఒడ్డెక్కును. ఈ రైతునకు మొర పెట్టుకొనుటకైనను చోటు లేదు. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము యమున శుభ్రపడువరకు ఈ వరదమైదానమున తినుపంటలు పండించరాదని తీర్పు చెప్పినది. తానిక్కడ ఉండుటయే వివాదాస్పదమైనప్పుడు, తన పడవకు రేవు లేదని ఎవరితో చెప్పుకొనును?

ఇక తాడు. అది నీలిరంగు నైలాను తాడు. అణియమునుండి బయలుదేరి, కాలిబాటను మోకాలి ఎత్తున అడ్డముగా దాటి, ఆవల నొక కీకరు చెట్టు మొదట పీటముడిగా ముగియును. మాఘమాసపు మంచులో, మూరెడు దూరమున మనిషి కనబడని వేళ, ఆ తాడు కనబడు అవకాశము లేదు. అది తగిలిన పిమ్మట తెలియును. అమరమునకు తాడే లేదు. అందుచే గాలి ఎటు వీచిన అటు పడవ తోక తిరుగుచు, రాత్రి తూర్పుముఖముగా నున్నది ఉదయమునకు దక్షిణముఖమై, ఒడ్డున కుప్పపోసిన నిన్నటి గుర్రపుడెక్కలో సగమును మరల నీటిలోనికి నెట్టి, తాను చేసిన పనిని తానే పూర్వపక్షము చేసి కూర్చుండును. తాడు బిగిసి తడిసి ముడి గట్టిపడుటచే, దానిని విప్పుటకు సిబ్బంది ఉదయమున ఇద్దరు పట్టుదురు, మూడవవాడు సలహా చెప్పును.

ఒకనాడు ధైర్యము చేసి, మూడవవాడు ఖాళీగా నున్నాడు గదా యని అతనిని పలుకరించితిని. "బేటా, ఈ తాడు కాస్త ఆవలి చెట్టుకు కట్టరాదా? నడిచేవాళ్లకు అడ్డం కదా" అని నా ఢిల్లీ హిందీలో అడిగితిని. "బాబూజీ, ఆ చెట్టు మా హద్దులో లేదు" అనెను. "మరి ఈ చెట్టు?" "ఇదీ లేదు. కాని దీనికి నిన్న కట్టాం." నేను నలుబది యేండ్లు సచివాలయములలో ఫైళ్లు నడిపినవాడను; పూర్వాచారమునకు ఇంతకంటె సంక్షిప్తమైన నిర్వచనము ఏ మాన్యువల్‌లోను చదువలేదు. నమస్కరించి వచ్చితిని.

అయితే ఆ కుర్రవాని మాటలో హద్దులనుగూర్చిన భాగము హాస్యమునకు చెప్పినది కాదు. మయూర్ విహార్ ముందర నిలిచియున్న ఈ నీటికి యజమానులెందరో లెక్కించుట ఆరంభించినచో వ్రేళ్లు చాలవు. ఎగువన వజీరాబాదు బ్యారేజీ ఢిల్లీవారిది. దాని దిగువన ఐటీఓ బ్యారేజీ హర్యానావారి నిర్వహణలోనిది. మనకు దిగువన ఓఖ్లా బ్యారేజీ ఉత్తరప్రదేశ్ నీటిపారుదలశాఖవారిది. ఘాజియాబాదు వద్ద హిండన్ నదినుండి బయలుదేరి, మన కాలనీల పొరుగుననే దుర్గంధము పంచుచు వచ్చి, ఓఖ్లాకు ఎగువన యమునలో కలియు హిండన్ కట్ కాలువయు ఉత్తరప్రదేశ్‌వారిదే. ఖాదరు నేలలో అధికభాగము ఢిల్లీ అభివృద్ధి సంస్థది. వీనిపైన, 2016 నాటి చట్టము జగత్‌పూర్‌నుండి ప్రయాగరాజ్ వరకు 1,080 కిలోమీటర్ల యమునను 110వ జాతీయ జలమార్గముగా ప్రకటించినది గనుక కేంద్రప్రభుత్వమునకును ఇందు పాలు కలదు. కావున ఆ నీలితాడు ఒక కొసన ఒకరి పడవకు, మరియొక కొసన వేరొకరి చెట్టుకు కట్టబడి, నడుమ మూడవవారి బాటను దాటి, నాలుగవవారి నీటిలో తడియుచున్నది. 2023 జూలైలో వరద వచ్చినప్పుడు ఐటీఓ బ్యారేజీ గేట్లలో ఐదు పూడికలో కూరుకొని తెరుచుకొనకపోగా, ఢిల్లీ, హర్యానా ప్రభుత్వములు పరస్పరము నిందించుకొనుట పాఠకులు మరచియుండరు. గేటు తెరచుటయే తగవైనచోట ముడి విప్పుటకు దిక్కెవరు?

ఈ నది చూచుటకు మందమతివలె నున్నను నీటిమట్టము విషయమున నమ్మదగినది కాదు. ఎగువనున్న హత్నీకుండ్ బ్యారేజీవద్ద వదలిన నీరు రెండుమూడు దినములలో ఇచ్చటికి వచ్చి పడును. 2023 జూలై 11న అక్కడ వదలినది మూడున్నర లక్షల క్యూసెక్కులకు పైమాట. 13వ తేదీన పాత రైలువంతెనవద్ద నీరు 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటినది. ప్రమాదస్థాయి 205.33 మాత్రమే. ఖాదరు రైతులు పశువులతో, మంచములతో, పిల్లలతో మయూర్ విహార్ రోడ్డు ప్రక్కకు వచ్చి గుడారములు వేసికొనిరి. 2025 సెప్టెంబరులో మరల 207.48 వరకు వచ్చినది. ఇట్టి నదిలో ఒక్క తాడుతో, బిగించి, ముక్కు గట్టులో గుచ్చి కట్టిన ఇనుపపడవ ఏమగును? నీరు పెరిగినకొలది అమరము లేచును, అణియము లేవజాలదు. తాడైనను తెగవలెను, చెట్టైనను పెల్లగిలవలెను, పడవయైనను మునుగవలెను. నాలుగవమార్గము లేదు.

ఈ సంగతి నాకు చెప్పినవారు పట్పర్‌గంజ్‌లో ఒక సొసైటీ ఫ్లాటులో కుమారునివద్ద నుండు కోనసీమ మిత్రులు. వారి తండ్రిగారు గోదావరి కాలువలమీద లాకులవద్ద పనిచేసినవారు. ఒక ఆదివారము ఆయనను వెంటబెట్టుకొని పోయి పడవను చూపితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మాస్టారూ, అణియం తాడొక్కటే వేసిన పడవ కట్టినట్టు కాదండీ, వదిలేసినట్టండి. అమరం తాడు ఏదండీ? ఆ ముడేవిటండీ, గేదెని కట్టినట్టు? మా నాన్నగారుంటే ఈ సరంగుని కాలవలో నిలబెట్టి మోకు చేతికిచ్చేవారండి" అనిరి. అటుపిమ్మట నడచినంతమేరయు నాకు పాఠము చెప్పిరి: పడవ ఒడ్డునకు సమాంతరముగా నుండవలెను, అణియమునకొకటి, అమరమునకొకటి తాళ్లు ఎదురెదురు దిక్కులకు ఏటవాలుగా లాగి కట్టవలెను, అప్పుడు అది ముందునకును పోదు, వెనుకకును పోదు, నీరు పెరుగుటకు, తగ్గుటకు సరిపడు వదులు ఉండవలెను గాని, ప్రక్కగా పోవు లాంచీ అలకు ఊగి గుంజను పెరుకునంత వదులు ఉండరాదు, తాడు ఎన్నడును నడకబాటను దాటరాదు, ముడి ఒక్క లాగుడుకు విడిపోవునట్లుండవలెను. ఇవన్నియు శాస్త్రములు చదివి చెప్పిన మాటలు కావు. పడవమీద అన్నము తిన్నవారి మాటలు.

ఆ గోదావరి దేశమున నీటిబాట అనునది బండిబాటకంటె గౌరవనీయముగా నుండిన కాల మొకటి కలదు. 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలువలను పొలములకొరకే గాక పడవలకొరకును త్రవ్వించెను. రైళ్లకంటె నీటిమార్గములే ఈ దేశమునకు మేలని 1878లో లండనులో పార్లమెంటు కమిటీయెదుట సైతము వాదించెను. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. కృష్ణనుండి కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగ్‌హాం కాలువ నందుకొనెను. కాకినాడలో బియ్యమెత్తిన పడవ సముద్రము ముఖము చూడకయే చెన్నపట్టణము చేరుచుండెను. ఎగుడుదిగుడు మట్టముల నడుమ లాకులు. లాకు తలుపులు త్రిప్పుటకు లస్కర్లు. వారిపైన లాకు సూపరింటెండెంటు. లాకు నోటిలో పడవ కట్టుట మహాపరాధము. ఏలయన ఒకడు అడ్డముగా కట్టినచో ఎగువ పది పడవలు, దిగువ పది పడవలు ఆగిపోవును. కాలువ పనిచేయు సర్కారు పడవలకును ఇదే శాసనమట. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయునప్పుడు డ్రెడ్జరును ఎక్కడ నిలుపవలెనో లస్కరు చూపినచోటనే నిలుపవలెను. అచ్చటి నీటికి తిట్టువాడొకడుండెను, తిట్టు పడువాడొకడుండెను, ఇద్దరును ఒకరినొకరు ఎరుగుదురు. ఆ పడవలు నేడు లేవు. లాకులు చాలచోట్ల తుప్పుపట్టినవి. గతమునకు బంగారుపూత పూయుట నా ఉద్దేశము కాదు, ఆ లస్కరు జీతమునకు ఆ తిట్లు ఎక్కువయే. అయినను కట్టుట తెలిసిన దేశము అది.

ఉత్తరాదివారికి పడవకాలువ తెలియదని ఎవరైన ననుకొన్నచో అదియు పొరపాటే. మన మయూర్ విహార్‌కు ఎదుటిగట్టున, దిగువన, ఓఖ్లావద్ద బయలుదేరు ఆగ్రా కాలువ 1874లో తెరువబడినప్పుడు అందు పడవలు నడిచెను. ఢిల్లీనుండి మధుర మీదుగా ఆగ్రా వైపునకు సరకులు నీటిపైన పోయెను. 1904లో ఆ ప్రయాణము నిలిపివేయబడినది. పడవలతో పాటు వానిని కట్టు విద్యయు నాడే సెలవు తీసికొనినట్లున్నది. ఈ నగరమున పడవ అనగా ఇప్పుడు రెండే సందర్భములు: వరద, నురుగు. 2021 నవంబరులో ఛఠ్ పండుగ వేళ కాళిందీకుంజ్‌వద్ద యమునమీద తెల్లని విషపునురుగు మేటలు వేయగా, దానిని తాళ్లతో ఈడ్చి తొలగించుటకు పడవలను పంపిరి. నురుగు కొట్టుకొని రాకుండ వెదురుతడికలు కట్టిరి. గొట్టములతో నీళ్లు చల్లిరి. నురుగును తాటితో కట్టబూనిన సాహసము ముందు పడవను ఒక్కతాటితో వదలుట పెద్ద నేరము కాదని ఎవరైన వాదించినచో నాకు సమాధానము లేదు.

ఈ గొణుగుడు మనకు మాత్రమే ప్రత్యేకము కాదు. ఇంగ్లండు దేశమున సన్నని పొడుగుపాటి పడవలలోనే కాపురములు చేయువారు వేలకొలది కలరు. 2012నుండి అచ్చటి కాలువలను ఒక ధర్మసంస్థ నిర్వహించుచున్నది. గంటకు 4 మైళ్లకు మించి పోరాదు, లాకులముందలి రేవున ఆగిపోరాదు, వంపులలో కట్టరాదు అని ఆ పడవలవారికి నియమములు. ఆ నియమములు చెప్పువారి పనిపడవలే అదే రేవులో అడ్డముగా నిలిచియున్నవని వారి ఫిర్యాదు. మరమ్మతు చేయువాడు తాను నియమమునకు అతీతుడని తలచుట సార్వదేశికము కాబోలు.

ఇంతవరకు చదివి, ఒక ముసలివాడు తాటికి కాలుతగిలి చేయు రాద్ధాంతమని పాఠకులు నవ్వినచో నవ్వవచ్చును. కాని 2024 సెప్టెంబరు ఆరంభమున విజయవాడలో జరిగినది నవ్వులాట కాదు. కృష్ణకు ప్రకాశం బ్యారేజీవద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆ బ్యారేజీ చరిత్రలో అంతటి ప్రవాహము లేదు. ఎగువనున్న భారీ ఇనుపపడవలు కొన్ని కట్లు వీడి కొట్టుకొని వచ్చి, 67, 69, 70 గేట్లవద్ద గ్రుద్దుకొని, గేట్లను తేల్చు కాంక్రీటు బరువుదిమ్మెలను పగులగొట్టినవి. అంతకు ముందు ఆగస్టులో తుంగభద్ర గేటు కొట్టుకొని పోయినప్పుడు దాని స్థానమున తాత్కాలిక గేటు నిలబెట్టిన ఇంజనీరు కన్నయ్యనాయుడుగారే ఇచ్చటికిని వచ్చి దిమ్మెల మరమ్మతు చూచిరి. పడవలను లాగుట అంతకంటె కష్టమైనది. క్రేన్లు వచ్చెను, పడవలు కదలలేదు. గజ ఈతగాండ్రు దిగి నీటి అడుగున కోయ ప్రయత్నించిరి. దినములు వారములై, తుదకు ఒక్కొక్కటిగా బయటికి వచ్చినవి. ఎవరు కట్టిరి, ఎవరు విప్పిరి, ఎవరి పాపము అనునది నేను తేల్చు విషయము కాదు. అవి ఇసుకపడవలు, ఇది కలుపుపడవ. కాని ఇనుము ఇనుమే, తాడు తాడే, దిగువన ఓఖ్లా గేట్లు గేట్లే. కృష్ణలో కట్టు వీడిన పడవ చేసిన పనిని చూచిన తెలుగువాడు యమునలో ఒక్క నైలాను తాడును చూచి ఊరకుండజాలడు.

నేను అడుగునది బృహత్ప్రణాళిక కాదు. యమునను మూడేండ్లలో నిర్మలము చేయుదుమని చెప్పినవారిని ఇప్పుడే నిలదీయబోను, అది వేరొక వ్యాసము. రైతుల రేవునకు కొంచెము ఎగువన, ఎవరికిని అక్కరలేని నిటారు గట్టు వెంబడి, పడవ పొడవునకు ఇరుకొసల రెండు ఇనుపగుంజలు పాతవలెను. నీటిమట్టముతో పాటు పైకి క్రిందికి జారు కడియము వానికుండినచో మరింత మేలు. వరదకాలమున పడవను నీటిలో ఉంచుటకంటె ఒడ్డెక్కించుట ఉత్తమము. అందుకు తగిన వాలుదారి ఒకటి చదును చేయవలెను. సిబ్బందిలోని మూడవవానికి సలహా చెప్పు బాధ్యత తప్పించి, అమరపు తాడు పట్టు బాధ్యత నొసగవలెను. అన్నిటికంటె ముందు, పడవ ప్రక్కన పెద్ద అక్షరములతో శాఖ పేరును, పలుకరించిన పలుకు ఫోను నంబరును వ్రాయవలెను. తిట్టు ఎవరికి పడవలెనో తెలిసినచో తాడు తనంతట చక్కబడునని గోదావరి లస్కర్ల అనుభవము.

ఈ పడవ తమదేనని గుర్తించిన అధికారి ఎవరికైనను ఈ వ్యాసమును చదువుట తటస్థించినచో, ఆయనకు నా విన్నపము ఇంతే: ఢిల్లీకి జూన్ చివర వానలు వచ్చును, గుంజలు అంతకుముందే పాతించవలెను.